మా ఆడపడుచు చెయ్యి మార్చిన ఏడాది

మా ఆడపడుచుని ఇంట్లో అందరూ కొంగ అంటారు. చిన్నప్పుడు మా ఆయన పెట్టిన పేరది. పొడుగు కాళ్లు, సన్నటి మెడ, ఒంటికాలి మీద నిలబడి ఆలోచించే అలవాటు, అన్నీ కుదిరాయి కాబట్టి పేరు అతుక్కుపోయింది. పగలంతా లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. సాయంత్రాలు స్టేడియంలో పోల్ వాల్ట్ చేస్తుంది. ముప్పై దాటాక ఈ గెంతులేమిటని అడిగినవాళ్లకి ఆమె జవాబు ఒక్కటే: "సాయంత్రాలు మీరు టీవీ చూస్తారు. ఎందుకని నేనడిగానా?" నోరు కాస్త దురుసు. కోడలిగా వచ్చిన కొత్తలో నాకు ఆ నోరంటే హడలు. ఇప్పుడు అది వినపడకపోతేనే కంగారుగా ఉంటుంది.

ఈ ఆట తెలియనివాళ్లకి నేను చెప్పే పద్ధతి ఇది. మనిషి ఎత్తుకి రెండింతలకి పైగా పొడవున్న కర్ర పట్టుకుని పరుగెత్తాలి. పరుగుదారి చివర నేలలో ఒక ఇనప పెట్టె పాతి ఉంటుంది. కర్ర కొస అందులో దిగగానే కర్ర వంగుతుంది, మళ్లీ నిటారుగా లేస్తూ మనిషిని పైకి విసురుతుంది. ఆ విసురుకి తలకిందులుగా లేచి, పైన పెట్టిన అడ్డకర్రని పడెయ్యకుండా దాటి, అవతలున్న పెద్ద పరుపు మీద వెల్లకిలా పడాలి. ఈ మాత్రం దానికి ఇంత రాద్ధాంతమా అని నేనూ మొదట్లో అనుకున్నాను. కానీ అన్నాచెల్లెళ్లిద్దరూ భోజనాల బల్ల దగ్గర గరిటె పట్టుకుని చూపించుకుంటూ ఉంటే, ఏళ్ల తరబడి వింటే ఎవరికైనా కొంత ఒంటబడుతుంది.

మా ఆయన అద్దాల కొట్టులో అద్దాలు కోస్తారు. ఆయన ఎప్పుడూ పరుగెత్తిందీ లేదు, ఎగిరిందీ లేదు. చెల్లెలు బడిలో ఉండగా ఆటల టీచరు ఉద్యోగం మానేసి వెళ్లిపోతే, ఆ పిల్లకి దిక్కు లేదని తనే వెళ్లి పరుగుదారి పక్కన నిలబడ్డారు. అలా నిలబడ్డ మనిషి నిలబడిపోయారు. ఆమె కాలు ఎక్కడ పడిందో, కర్ర ఎప్పుడు దించిందో చూసి చెప్పడం ఆయన పని. అద్దం మీద గీత గీసే మనిషికి కళ్లు బాగా పనిచేస్తాయి. పట్టు మార్చి చూద్దాం, పరుగు తగ్గించి చూద్దాం, కాలు మడవకుండా ఊపి చూద్దాం అంటూ ఏడాదికో ప్రయోగం చేసేవారు. ఆమె ఒక్కోదానికీ ముందు గొణిగేది, తర్వాత చేసేది.

ఇక్కడ ఒక్క విషయం చెప్పుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. కర్ర మీద ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద ఉంటాయి. కుడిచేతివాటం వాళ్లకి కుడి చెయ్యి పైన. నేల వదిలే క్షణాన ఒంటి బరువంతా ఆ పై చేతికే వేలాడుతుంది. కుడి చెయ్యి పైనుంటే ఎడమ కాలితోనే నేలని తన్ని లేవాలి. ఎడమ చెయ్యి పైనుంటే కుడి కాలితో. చెయ్యి ఒకవైపు, కాలు ఒకవైపు.

కిందటి ఏడాది ఎండలు తగ్గే రోజుల్లో మా ఆయన గట్టి కర్ర ఒకటి తీసి, పట్టు బెత్తెడు పైకి జరపమన్నారు. ఆమె జరిపింది. పరుగెత్తింది, కర్ర దించింది, లేచింది. లేస్తూ ఉండగానే కుడి భుజంలో పాత గుడ్డ చిరిగిన చప్పుడు తనకి వినపడిందట. నేను అక్కడ లేను. ఆసుపత్రి వరండాలో మా ఆయన మొహం చూశాను, అది చాలు.

ఆపరేషను చేసిన డాక్టరు మంచివాడే. "ఇస్త్రీ చేసుకోవచ్చు, వంట చేసుకోవచ్చు, జుట్టు దువ్వుకోవచ్చు. ఆ చేతికి ఒళ్లు వేలాడదియ్యడం మాత్రం ఈ జన్మకి కుదరదు" అన్నాడు. మా ఆయన ఆ మాటకి తలాడించిన తీరు చూస్తే తన మీద తీర్పు విన్నట్టుంది. ఆ తర్వాత ఆయన స్టేడియం వైపు వెళ్లడం మానేశారు. అటుగా పోయే బస్సు ఎక్కాల్సి వస్తే, అది మానేసి వేరే దారిన నడిచి వెళ్లేవారు. ఇంట్లో ఆట మాటే లేదు. గరిటెలు గిన్నెల్లోనే ఉండేవి. నాకు ఆ నిశ్శబ్దం ఏమాత్రం నచ్చలేదు.

ఈ ఏడాది వానలు మొదలైన వారంలో అనుకుంటాను, భోజనం చేస్తూ చేస్తూ మా ఆడపడుచు అంది, "నేను చెయ్యి మారుస్తాను అన్నయ్యా."

"ఏ చెయ్యి?" అన్నారు మా ఆయన, తల ఎత్తకుండా.

"పైన పెట్టే చెయ్యి. ఎడమది పైన పెడతాను."

"అంటే?"

"అంటే ఏముంది. అన్నీ అటుదిటు. ఎడమ చెయ్యి, కుడి కాలు. డాక్టరు కుడి భుజమే వద్దన్నాడు, ఎడమది వద్దనలేదుగా."

మా ఆయన కంచం పక్కకి జరిపారు. "ఇన్నేళ్లు ఒకవైపు అలవాటైన ఒళ్లు. ఎడమచేత్తో సంతకం చెయ్యమంటే చెయ్యగలవా నువ్వు?"

"సంతకం చెయ్యమని ఎవరడిగారు?"

"రెండో భుజం కూడా పోతే ఏం చేస్తావు? బట్టలు నోటితో ఇస్త్రీ చేస్తావా?"

తర్వాత ఆయనే నెమ్మదిగా అన్నారు, "ఆ పట్టు పైకి జరపమన్నది నేనే. ఇంకోసారి నా నోటితో నీకు ఏదీ చెప్పను. నీ ఇష్టం నీది, నన్ను మాత్రం పిలవకు." లేచి చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు. ఆమె కంచంలోకి చూస్తూ కూర్చుంది. ఒంటికాలి మీద నిలబడే అవకాశం లేక, కూర్చునే ఒక కాలు మడిచి పైన పెట్టుకుంది.

స్టేడియంలో ఒక నియమం ఉంది. దెబ్బ తగిలి తిరిగొచ్చినవాళ్లు ఎవరైనా, వానలు వెనకబట్టాక పెట్టే పరీక్షలో మొదటి ఎత్తు దాటి చూపించాలి. దాటితేనే జాబితాలో పేరు ఉంటుంది, పరుపు మీద పడే హక్కు ఉంటుంది. లేకపోతే పరుపుకి పట్టా కప్పే పని చెయ్యొచ్చు, చప్పట్లు కొట్టొచ్చు. మేనేజరు మొండిమనిషి, ఎవరి మొహమూ చూడడు. మా ఊళ్లో ఇంకో స్టేడియం లేదు. అంటే ఆ ఒక్క పరీక్ష తప్పితే ఆమె ఆట అక్కడితో సరి. ఆ సంగతి మా ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ముగ్గురిలో ఎవరూ పైకి అనలేదు.

ఇక అక్కడినించి మా ఇల్లు ఇల్లులా లేదు. పళ్లు ఎడమచేత్తో తోముకుంటే అద్దం నిండా నురగ. తల ఎడమచేత్తో దువ్వుకుంటే పాపిడి చెవి దగ్గర తేలేది. తాళం ఎడమచేత్తో తీయడానికి తలుపు దగ్గర ఆమె పడే అవస్థ చూసి పక్కింటివాళ్లు దొంగేమోనని ఒకసారి లైటు వేశారు. లాండ్రీలో ఇస్త్రీ పెట్టె కూడా చెయ్యి మారింది. యజమాని పెద్దమనిషి, ఓర్పున్నవాడు. మొదటివారం ఏమీ అనలేదు. తర్వాత ఒక చొక్కా తెచ్చి బల్ల మీద పరిచి, "అమ్మా, నీ భుజం సంగతి నాకు తెలియదు గానీ, ఈ చొక్కా భుజం మాత్రం చూడు" అన్నాడట. ఆ రోజు నుంచి ఖరీదైన బట్టలు కుడిచేత్తో, దుప్పట్లు తువ్వాళ్లు ఎడమచేత్తో అని ఇద్దరూ ఒప్పందానికొచ్చారు.

మా ఇంట్లో వంటగది నుంచి వీధి తలుపు దాకా పొడుగాటి నడవా ఉంది. అక్కడ తుడుపుకర్ర పట్టుకుని ముందుకీ వెనక్కీ నడిచేది. ఎడమ వైపు కర్ర, ఎడమ చెయ్యి వెనక, కుడి చెయ్యి ముందు. నడిచి నడిచి చివర్లో రెండు చేతులూ తల మీదికెత్తి కర్ర కొసని గడప మూలకి ఆనించేది. నేను ఇంట్లోనే కర్టెన్లు కుడతాను. మిషను మీద పొడుగు కుట్టు సాగుతున్నప్పుడు వెనకాల నుంచి "ఠక్" మంటే సూది ఎక్కడికి పోతుందో నాకే తెలియదు. గోడ సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడింది.

"ఇల్లు కూలాక ఆపుతావా?" అన్నానొకసారి.

"గడప కాస్త లోతుగా ఉంటే బాగుండేది వదినా" అందామె.

చేతులు త్వరగానే నేర్చుకున్నాయి. నెల తిరిగేసరికి ఎడమచేత్తో తాళం తీసేస్తోంది, పాపిడి నడినెత్తికొచ్చింది. అప్పుడు అసలు కర్ర పట్టుకోవడానికి స్టేడియానికి బయలుదేరింది. పరుపు వాడనివ్వరు కాబట్టి లాంగ్ జంప్ ఇసుక గుంటలో. చిన్న పరుగు, పొట్టి కర్ర, ఎత్తు లేదు, అడ్డకర్ర లేదు. కర్ర ఇసుకలో గుచ్చి, దాన్ని పట్టుకుని ఊగి, అవతల దిగడం. చిన్నపిల్లలకి మొదటిరోజు నేర్పేది అదే. అన్న రానన్నాడు కాబట్టి తోడుగా నన్ను లాక్కెళ్లింది. నేను మెట్ల మీద కూర్చుని కర్టెన్లకి కొక్కేలు కుడుతూ చూసేదాన్ని.

మొదటి రోజే ఇసుకలో పక్కకి పడింది. రెండో రోజూ పక్కకే. కర్రకి ఏ వైపు నుంచి దాటాలో ఆ వైపు కాకుండా, కర్ర ఛాతీకి అడ్డం పడి, చుట్టూ గిర్రున తిరిగి గుంట బయట కూలబడేది. చేతులు సరిగ్గానే ఉన్నాయి. తప్పు కాళ్లలో ఉంది. కుడి కాలితో నేల తన్నాల్సింది, ఎడమ కాలితో తన్నేస్తోంది. పరుగు సరైన కాలితోనే మొదలుపెట్టేది. కానీ చివరికొచ్చేసరికి మధ్యలో ఒక చిట్టి అడుగు, పిల్లలు తొక్కుడుబిళ్లలో గీత తప్పించుకోవడానికి వేసేలాంటిది, తనకి తెలియకుండానే వేసేసేది. దాంతో పాత కాలు ముందుకొచ్చేది.

"చివర్లో ఏదో చిన్న అడుగు వేస్తున్నావమ్మాయ్" అన్నాను.

"తెలుసు."

"తెలిస్తే ఎందుకు వెయ్యడం?"

ఇసుక దులుపుకుంటూ ఆమె నావైపు చూసిన చూపుకి నా చేతిలో సూది ఆగింది. "నేను వేస్తున్నానా వదినా? అదే పడుతోంది. నాలో ఇంకెవరో వేస్తున్నారు." ఆ గొంతులో దురుసుతనం లేదు. కర్ర ఇసుకలో పడేసి అక్కడే కూర్చుండిపోయింది.

మా ఇంట్లో అద్దాలకి కొదవ లేదు. కొట్టులో కొలత తప్పి కోసినవీ, అంచు కొట్టుకుపోయినవీ అన్నీ మా ఇంటికే చేరతాయి. ఏ గదిలోకి వెళ్లినా మన మొహం మనకి ఎదురవుతుంది. హాల్లో గోడకి ఆనించి ఉన్న నిలువుటద్దం మా ఆయన చేసిన తప్పుల్లో అన్నిటికన్నా పెద్దది. ఒక ఆదివారం మా ఆడపడుచు ఆ అద్దం ముందు స్టూలు వేసి, దాని మీద ఫోను అద్దం వైపు తిప్పి నిలబెట్టింది. ఫోన్లో తన పాత ఎగుళ్లు ఉన్నాయి, ఏళ్లుగా అన్న ఎవరితోనో తీయించినవి. తను ఫోను వెనకాల నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఫోను చూడకుండా అద్దంలోకి చూస్తోంది.

నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. చూడగానే అర్థమైంది. అద్దంలో అంతా అటుదిటు కదా. కుడిచేత్తో ఎగిరిన పాత ఎగురు అద్దంలో ఎడమచేతి ఎగురు అయింది. అక్కడ ఒక పొడుగు కాళ్ల అమ్మాయి ఎడమ వైపు కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చి, కుడి కాలితో నేల తన్ని, ఒంటిని ఊపి, తలకిందులై, అడ్డకర్ర మీంచి జారిపోయింది. చూడముచ్చటగా ఉంది. తను ఇంకా నేర్చుకోనిదాన్ని తనే చేస్తుంటే చూడడం ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, మా ఆడపడుచు రెప్ప వెయ్యలేదు.

మా ఆయన బజారు నుంచి వచ్చారు. సంచి చేత్తో పట్టుకునే గుమ్మంలో నిలబడి అద్దంలోకి చూశారు. ఒక ఎగురు పూర్తిగా చూశారు.

"ఎవరా అమ్మాయి?" అన్నారు.

ఫోన్లో ఇంకో ఎగురు మొదలైంది. సగంలో ఆయనకి తట్టింది. పరుగుదారి పక్కన నిలబడి చొక్కా చేతులు మడుచుకుంటున్న మనిషి కూడా అద్దంలో కనిపించాడు మరి. సంచి కింద పెట్టారు. కింద కూర్చోవడానికి మోకాళ్లు సహకరించక కుర్చీ అంచున కూర్చున్నారు.

"మళ్లీ పెట్టు" అన్నారు.

ఆమె మళ్లీ పెట్టింది. మళ్లీ, మళ్లీ. చాలాసేపటికి మా ఆయన అన్నారు, "బాగా ఎగురుతుంది."

"అన్నయ్యా, నాకు కాలు రావట్లేదు" అంది మా ఆడపడుచు. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. చిన్న అడుగు సంగతి చెప్పింది. ఆయన విన్నారు. ఆపరేషను తర్వాత ఆ గొంతుతో ఆయన అడగడం నేను వినడం అదే మొదటిసారి. "లెక్క ఎలా పెడుతున్నావు?"

ఈ లెక్క సంగతి నాకు అప్పుడే తెలిసింది. పరుగులో నేల తన్నే కాలు పడ్డప్పుడల్లా లోపల్లోపల ఒక అంకె అనుకుంటారట, పెద్దది నుంచి ఒకటి దాకా వెనక్కి. ఒకటి అనగానే లేవాలి. ఇన్నేళ్లూ ఎడమ కాలు పడ్డప్పుడల్లా అనుకుంది. ఇప్పుడు కుడి కాలికి అనుకుంటోంది.

"మామూలుగానే. అంకెలే" అంది. అని ఆగిపోయింది. లేచి నిలబడింది, ఒంటికాలి మీద. "అన్నయ్యా, ఒకటి అనుకోగానే ఎడమ కాలు వచ్చేస్తోంది. అది దాని పేరే అనుకుంటోంది."

"అయితే అంకెలు మానెయ్యి."

అంత తేలిక మాట కోసం ఇంతకాలం ఇసుకలో పొర్లింది నా ఆడపడుచు. మర్నాడు సాయంత్రం ముగ్గురం స్టేడియానికి వెళ్లాం. మా ఆయన తన పాత చోటుకి వెళ్లి నిలబడ్డారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు జేబులో, కాసేపు వెనక పెట్టుకున్నారు. అంకెల బదులు వారాల పేర్లు పెట్టి చూశారు. సోమవారం అనగానే కాళ్లు లాండ్రీ వైపు లాగుతున్నాయని ఆమె ఒప్పుకోలేదు. రంగుల పేర్లు పెడితే మధ్యలో మర్చిపోయింది.

"ఇంట్లోవాళ్లని పెట్టుకో. వాళ్లని మర్చిపోవుగా" అన్నాను మెట్ల మీంచి. ఎకసెక్కానికే అన్నాను. వాళ్లిద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

తాత, నానమ్మ, నాన్న, అమ్మ, అన్న, వదిన. కుడి కాలు పడ్డప్పుడల్లా ఒకరు. ముందు నడుస్తూ, తర్వాత చిన్న పరుగులో. ఆమె లోపల అనుకునేది, మా ఆయన పక్కనుంచి పైకి అరిచేవారు. చుట్టుపక్కల పరుగెత్తేవాళ్లు ఆగి చూసేవాళ్లు. ఒక ముసలాయన వచ్చి, మీ ఇంట్లోవాళ్లందరూ తప్పిపోయారా అని నన్నడిగాడు. ఈ వరసలకి కాళ్లలో ఏ పాత అలవాటూ లేదు. చిట్టి అడుగు ఒకటి రెండు రోజులు వస్తూ పోతూ ఉండి, ఆ తర్వాత రావడం మానేసింది. కొంగ ఇసుక గుంటలో తిన్నగా, కర్రకి సరైన వైపున దిగింది. లేచి నిలబడి, తను దిగిన గుర్తుల వంక కాసేపు చూసుకుంది.

ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులో అడిగాను, "నన్నెందుకు చివర పెట్టావు? నా మీద కాలేసి తన్నడానికా?"

"నువ్వు కదలవు కదా వదినా. మిషను ముందు కూర్చున్నావంటే భూమి బద్దలైనా లేవవు. తన్నడానికి గట్టి నేల కావాలి నాకు" అంది కిటికీలోంచి బయటికి చూస్తూ. ఆ మాటకి నాకెంత సంబరమైందో ఆమెకి చెప్పలేదు. మూతి మాత్రం ముడుచుకున్నాను, మర్యాద కోసం.

పరీక్ష రోజు తెరలు తెరలుగా గాలి. మేనేజరు కుర్చీ వేసుకుని, ఎర్రజెండా తెల్లజెండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత పరుపు మీద పట్టా తీశారు. అడ్డకర్ర మొదటి ఎత్తుకి పెట్టారు. ఒకప్పుడు ఆమె ఒళ్లు వేడెక్కడానికి ఎగిరే ఎత్తు అది. ఇప్పుడు అదే కొండలా కనపడింది నాకు. ఒక ఎత్తుకి మూడు అవకాశాలు. మూడూ తప్పితే పేరు కొట్టేస్తాడు.

మొదటిసారి పరుగు బాగానే మొదలైంది. కర్ర పెట్టెలో దించింది గానీ లేవలేదు, అలాగే అడ్డకర్ర కింద నుంచి పరుపు మీదికి పరుగెత్తుకుపోయింది. భయపడింది. భయపడటం ఆమెలో నేను ఎప్పుడూ చూడలేదు. మేనేజరు ఎర్రజెండా ఎత్తాడు. నా చేతిలో కొక్కేలు లేవు, ఉన్నా కుట్టలేకపోదును.

రెండోసారి లేచింది. కుడి కాలు తన్నింది, ఎడమ చేతికి ఒళ్లు వేలాడింది, కర్ర వంగింది. అయితే కర్ర మరీ త్వరగా లేచి, ఆమె ఇంకా పైకి వెళ్లకుండానే ముందుకి విసిరేసింది. తొడలు తగిలి అడ్డకర్ర ఊడింది. ఆమె పరుపు అవతలి అంచు దాకా వెళ్లి పడింది. మళ్లీ ఎర్రజెండా.

అన్న దగ్గరికి వచ్చింది. నేను మెట్లు దిగి దగ్గరికి వెళ్లాను. ఇద్దరూ కర్రకేసి చూస్తున్నారు. నాకు కూడా తెలుసు, భోజనాల బల్ల చదువే అయినా. వేగం ఎక్కువైంది, పట్టు చాలలేదు. పట్టు పైకి జరపాలి.

మా ఆయన నోరు తెరవలేదు. ఆ మాట ఆయన నోటితో రాదని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు.

"నువ్వు చెప్పకు అన్నయ్యా" అంది మా ఆడపడుచు. "నేను చెబుతాను, నువ్వు విను. రెండు వేళ్లు పైకి."

"భుజం?" అన్నారాయన.

"బాగుంది. రెండోసారి లేచినప్పుడు చూశాను. నాది కానట్టు లేదు, నాదే." ఎడమ భుజం ఒకసారి గుండ్రంగా తిప్పి చూపించింది.

ఆయన కర్ర అందుకుని, జేబులోంచి టేపు తీసి, ఆమె చూపించిన చోట పట్టు గుర్తు మార్చారు. అతికించిన టేపు వంకరగా వచ్చింది. అద్దాలు కోసే మనిషి చేతిలో వంకర గీత నేను అదే చూడటం. తీసి మళ్లీ తిన్నగా అతికిస్తారేమో అనుకున్నాను. అలాగే వదిలేసి, పరుగుదారి పక్కన తన చోటుకి వెళ్లారు.

మూడోసారి గాలి ఆగేదాకా నిలబడింది. తర్వాత బయలుదేరింది. మా ఆయన గొంతు స్టేడియమంతా వినపడింది, తాత, నానమ్మ, నాన్న, అమ్మ, అన్న. ఆఖరి మాట ఆయన నోట రాలేదు. నేనే అరిచాను, నాకు తెలియకుండానే, నా వరసని నేనే. ఆమె లేచింది. కర్ర వంగి, ఆగి, లేచింది. పొడుగు కాళ్లు ఆకాశానికి ఎదురు తిరిగాయి. ఆమె అడ్డకర్రకి ఇంతెత్తు పైనుంచి దాటింది, అంత ఎత్తు అవసరం కూడా లేదు. పరుపు మీద పడి కాసేపు పైకి చూస్తూ పడుకుంది. అడ్డకర్ర కదల్లేదు. తెల్లజెండా లేచింది.

నేను అక్కడే గడ్డి మీద కూర్చున్నాను. మేనేజరు కాయితం మీద ఏదో రాసుకుని, "పేరుంటుందమ్మా. ఇక చాలు, వెళ్లి రెస్టు తీసుకో" అన్నాడు. అంత మొండిమనిషి కూడా నవ్వాడు. నేను లేచి సంచి సర్దుతున్నాను.

"పెంచండి" అంది మా ఆడపడుచు.

"ఏం పెంచేది?" అన్నాను. "వచ్చిన పని అయిందిగా. పద, ఇంటికి పోదాం. ఉన్న ఒక్క భుజాన్నీ ఇవ్వాళే అరగదీస్తావా?"

ఈ ఆట ముగిసే పద్ధతి వేరు. దాటుతూ ఉన్నంతసేపూ ఎత్తు పెంచుతూనే ఉంటారు. ఏదో ఒక ఎత్తు దగ్గర మూడుసార్లు తప్పాక గానీ మనిషిని ఇంటికి పంపరు. గెలిచినవాళ్లయినా ఆఖరి ఎగురు తప్పే ఇంటికెళతారు. అది నాకు తెలుసు. ఆమెకి అదెందుకు కావాలో మాత్రం తెలియదు.

"నాకింకా మూడు తప్పులున్నాయి వదినా" అంది. "భుజం పోయిన రోజు నుంచి అందరూ నన్ను మానిపిస్తూనే ఉన్నారు. డాక్టరు మానమన్నాడు, అన్నయ్య మానమన్నాడు, ఇప్పుడు ఈయన చాలంటున్నాడు. ఒక్కసారి నా అంతట నేను తప్పి, ఇంటికెళ్లాలి నాకు."

మేనేజరు మా ఆయన వంక చూశాడు. మా ఆయన వెళ్లి ఎత్తుకర్ర తీసుకుని, దాని కొసతో అడ్డకర్రని రెండు వైపులా పైకి జరిపారు. కొలత సరిగ్గా ఉందో లేదో వెనక్కి నడిచి, కళ్లు చిట్లించి చూసుకున్నారు. మళ్లీ వెళ్లి ఎడమ వైపు కాస్త సరిచేశారు.

మూడూ తప్పింది. మొదటిది కాస్తలో పోయింది, రెండోది అసలు లేవనేలేదు. మూడోసారి అడ్డకర్రతో పాటే పరుపు మీదికి వచ్చిపడింది, అడ్డకర్ర ఒళ్లోకి తీసుకున్నట్టుగా. మేనేజరు జెండా ఎత్తేలోపే లేచి, ఆ కర్రని తనే తీసుకెళ్లి అన్న చేతికిచ్చింది. చెమటకి జుట్టు మొహానికి అతుక్కుపోయి ఉంది. ఏడాదిగా ఇంట్లో తిరుగుతున్నది ఈ మనిషి కాదని నాకు అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"రేపు ఆ పట్టు ఇంకాస్త చూద్దాం" అన్నారు మా ఆయన.

"చూద్దాంలే, ముందు మంచినీళ్లివ్వు" అంది మా ఆడపడుచు.